తన మనస్సుకు తానే వకీలు: శ్రీ చక్రవర్తి రాజగోపాలాచార్యుల జీవితము

హోసూరునకు సమీపమున తొరపల్లి యను చిన్న గ్రామము కలదు. ఆ గ్రామపు మునసబు చక్రవర్తి వేంకటార్య అయ్యంగారికి, ఆయన భార్య శింగారమ్మగారికి 1878 డిసెంబరు 10వ తేదీన ఒక కుమారుడు కలిగెను. ఆ బాలుడే తరువాత రాజాజీ యని దేశమంతట పేరుపొందిన చక్రవర్తి రాజగోపాలాచార్యులు. ఆనాడు హోసూరు, కృష్ణగిరి తాలూకాలు సేలము జిల్లాలో ఉండెడివి. 1965లో అవి ధర్మపురి జిల్లాలో చేరినవి. 2004లో కృష్ణగిరియే జిల్లా అయ్యెను. తెలుగు, కన్నడము, తమిళము మూడును ఒకే సంతలో వినబడు సీమ ఇది. ఈ సీమలో పుట్టిన రాజాజీ స్వతంత్ర భారతమునకు గవర్నరు జనరలు అయిరి. ఆ పదవిని అధిష్ఠించిన భారతీయుడు ఆయన యొక్కరే.

ఆయనను దేశభక్తుడనియు, రాజనీతి నిపుణుడనియు, గ్రంథకర్తయనియు పలువురు పలు విధముల కొనియాడియున్నారు. ఆయన జీవితమునుండి నేర్వదగినది మరియొకటి కూడ కలదు. మనుష్యుడు తన్ను తాను ఎట్లు మోసగించుకొనును? ఆ మోసము ఎట్లు బయటపడును? తెలివి తక్కువవారే ఆత్మవంచనలో పడుదురని లోకులు తలంతురు. రాజాజీ అంతటి బుద్ధిశాలి జీవితమును చూచినచో ఆ తలంపు మార్చుకొనవలసి వచ్చును.

పరులను మోసగించువాడు నిజమేదో ఎరిగియే అబద్ధమాడును. తన్ను తాను మోసగించుకొనువాడు నిజము కనబడు వైపునకు తల త్రిప్పడు. వర్తకులకు ఇది క్రొత్త విషయము కాదు. మూడేండ్లుగా వసూలు కాని బాకీని ఆస్తి పద్దులోనే ఉంచి, దీపావళికి లెక్క తేల్చి, లాభము వచ్చినదని సంతోషించు వర్తకుడు ఎవరిని మోసగించుచున్నాడు? భాగస్థుని గాదు, పన్ను అధికారిని గాదు, తన్నే. ఎవరైన అడిగినచో ఆయన కారణములు చెప్పగలడు. బాకీదారుడు మంచివాడు, వానలు పడినచో తప్పక ఇచ్చును, తండ్రి కాలమునుండి పరిచయము. ఒక్కొక్క కారణము విడిగా నిజమే. అన్నియు కలిసినచో అబద్ధము. తెలివి ఎంత ఎక్కువైన కారణములు అంత చక్కగా దొరకును. మనస్సు ముందుగా తనకు కావలసినదానిని ఏరుకొనును. పిమ్మట బుద్ధి దాని పక్షమున వకీలుగా నిలిచి వాదించును.

రాజాజీ నిజముగనే వకీలు. హోసూరు పాఠశాలలో చదివి, బెంగుళూరు సెంట్రల్ కాలేజీలోను, తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలోను విద్య ముగించి, 1900లో సేలమున వకీలు వృత్తి ప్రారంభించిరి. చిత్తూరు జిల్లా కుప్పమునకు చెందిన మంగమ్మగారిని వివాహమాడిరి. ముగ్గురు కుమారులు, ఇద్దరు కుమార్తెలు కలిగిరి. ఆయనకు నలువది యేండ్లు నిండకమునుపే భార్య మరణించెను. క్రిమినలు కేసులలో ఆయన వాదము వినుటకు జనము వచ్చెడివారట. ఎదుటివాని మాటలో దాగియున్న పొరపాటును వెలికితీయుటలో ఆయనకు సాటిలేదు.

1917లో ఆయన సేలము పురపాలక సంఘమునకు అధ్యక్షులైరి. అగ్రహారమునకు కుళాయి నీరు వదలు పనిని హరిజనుడైన ఒక ఉద్యోగికి అప్పగించిరి. అగ్రహారీకులు ఆందోళన చేసిరి. ఆ నీరు ఎక్కడనుండి వచ్చుచున్నదో, ఏయే చేతులు తాకిన గొట్టములలో ప్రవహించుచున్నదో వారెవ్వరును అంతకుముందు ఆలోచింపలేదు. మడి చెడకుండుటకు వారు ఆలోచన మానుకొనిరి, అంతే. రాజాజీ తన యుత్తరువును మార్చలేదు. కొన్నాళ్లకు అందరును ఆ నీరే త్రాగిరి.

1919లో గాంధీజీ మద్రాసు వచ్చి రాజాజీ యింట బస చేసిరి. రౌలట్ చట్టమునకు నిరసనగా దేశమంతట హర్తాళము జరుపవలెనను ఊహ గాంధీజీకి ఆ యింటనే తట్టెను. రాజాజీ మంచి ఆదాయము వచ్చు వృత్తిని విడిచి ఆయన వెంట నడచిరి. 1921 డిసెంబరులో వెల్లూరు జైలుకు వెళ్లి, అక్కడ దినచర్య వ్రాసికొనిరి. 1930లో తిరుచిరాపల్లి నుండి వేదారణ్యము వరకు ఉప్పు యాత్ర నడిపిరి. గాంధీజీ ఆయనను తన అంతరాత్మకు కావలివానిగా ఎంచెడివారు. ఇది చిన్న మాట గాదు. ఎంతటి మహాత్మునికైనను తన మనస్సు చెప్పునదెల్ల సత్యము గాదనియు, పక్కన నిలిచి కాదని చెప్పు మనిషి ఒకడు కావలెననియు గాంధీజీ ఎరుగుదురు.

ఈ యిద్దరు పెద్దలును తమ బిడ్డల విషయమున ఒక పరీక్ష పెట్టిరి. గాంధీజీ చిన్న కుమారుడు దేవదాసు, రాజాజీ కుమార్తె లక్ష్మి పరస్పరము ప్రేమించుకొనిరి. గాంధీజీది వర్తక కులము, రాజాజీది బ్రాహ్మణ కులము. పెద్దలు కాదనలేదు, వెంటనే సరే యనలేదు. అయిదేండ్లు ఒకరినొకరు కలిసికొనకుండ వేచియుండుడు, అప్పటికిని మనస్సు మారకున్నచో చూతము అనిరి. వారు వేచియుండిరి. 1933లో పూనాలో వివాహము జరిగెను. నాటి కోరిక నాటికి ఎంతో నిజముగ తోచును. అది నిలుచునదో కాదో కాలమొక్కటే తేల్చగలదు. వకీలు వంటి బుద్ధి ఎన్ని వాదములు చెప్పినను కాలమును కొనలేదు.

రాజాజీ అన్నింటికంటె ఎక్కువగ పోరాడినది త్రాగుడుతో. 1925లో తిరుచెంగోడు సమీపమున గాంధీ ఆశ్రమము స్థాపించి, చుట్టుపక్కల పల్లెలలో ఖద్దరు పని, మద్యనిషేధ ప్రచారము సాగించిరి. 1929లో ఇందుకొరకే విమోచనము అను తమిళ పత్రికను వెలువరించిరి. త్రాగువానికి త్రాగుడు చెడ్డదని తెలియక కాదు. నేటితో సరి, రేపటినుండి మానెదనని వాడు ప్రతి సాయంకాలము తనకు చెప్పుకొనును. ఒళ్లు నొప్పులకు మందనును. తాను ఒక్కడే గాదు గదా యనును. ఇంట బియ్యము లేని సంగతి మాత్రము ఆ వేళకు జ్ఞాపకము రాదు. ఇట్టివానికి ఉపన్యాసము పనిచేయదనియు, కల్లు దుకాణము కంటికి కనబడకుండుటయే మందనియు రాజాజీ విశ్వసించిరి.

ఆత్మవంచన త్రాగువానియొద్దనే ఆగలేదు. ప్రభుత్వమును అదే దారిన నడచుచుండెను. అబ్కారీ ఆదాయముతోనే పాఠశాలలు నడచుచున్నవి, ఆ సొమ్ము లేనిచో పిల్లల చదువు ఆగిపోవునని అధికారులు చెప్పెడివారు. తండ్రి త్రాగిన సొమ్ముతో కుమారునికి అక్షరములు నేర్పుట ధర్మమేనా యని వారు తమ్ము తాము అడుగుకొనలేదు. 1937 జులైలో రాజాజీ మద్రాసు రాష్ట్రమునకు ప్రధానమంత్రి యైరి. అదే సంవత్సరము అక్టోబరు 1వ తేదీనుండి తన సొంత జిల్లాయగు సేలములో మద్యనిషేధము అమలు చేసిరి. హోసూరు, కృష్ణగిరి తాలూకాలలోని కల్లు, సారాయి దుకాణములు మూతబడినవి. 1938లో చిత్తూరు, కడప జిల్లాలకును నిషేధము విస్తరించెను. పోయిన ఆదాయమునకు బదులుగా 1939లో అమ్మకపు పన్ను విధించిరి.

ఈ ఘట్టము వర్తకులకు ఇంపైనది గాదు. పన్నునకు వ్యతిరేకముగ వర్తకులు పెద్ద ఆందోళన జరిపిరి. మద్యనిషేధమును సభలలో మెచ్చుకొనినవారే దాని ఖర్చులో తమ వంతు వచ్చునప్పటికి సణిగిరి. అంతకుముందు, 1938లో, వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టము వచ్చియుండెను. పాత ఋణములపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకొనియున్న వడ్డీ బకాయిలను ఆ చట్టము కొట్టివేసెను. అసలుకు రెట్టింపు సొమ్ము అప్పటికే చెల్లించియున్న రైతు ఋణము తీరినట్లే యని శాసించెను. వడ్డీ వ్యాపారులకు గొప్ప నష్టము కలిగెను. ఒప్పందము ఒప్పందమే గదా యను వారి వాదములో కొంత న్యాయము లేకపోలేదు. అయినను రాని వడ్డీని వడ్డీపై వడ్డీగా పుస్తకములో పెంచుకొనుచు, ఆ రైతునకు కష్టకాలమున సహాయము చేసితిమని చెప్పుకొనుట కూడ ఆనాడు లేకపోలేదు. దానధర్మముల పద్దును, వడ్డీ పద్దును ఒకేసారి ఎదురెదురుగ పెట్టి చూచుకొనినవారు కొద్దిమంది. చట్టము ఆ రెండింటిని ఎదురెదురుగ పెట్టెను.

పరుల ఆత్మవంచనను ఇంత స్పష్టముగ చూడగలిగిన రాజాజీ తన విషయమున ఎట్లుండిరి? 1938లో ఆయన ప్రభుత్వము 125 పాఠశాలలలో హిందీని నిర్బంధ పాఠ్యముగ చేసెను. తమిళనాడు భగ్గుమనెను. పెరియార్ ఈ.వే. రామస్వామిగారు ఆందోళనకు నాయకులైరి. పాఠశాలలయెదుట పికెటింగు చేసినవారిని అణచుటకు రాజాజీ క్రిమినల్ లా సవరణ చట్టమును ప్రయోగించిరి. కాంగ్రెసువారు దొరల ప్రభుత్వముపై పోరాడిన కాలమున క్రూరమైనదని ఖండించిన చట్టమే అది. వెయ్యిమందికి పైగా జైళ్లకు వెళ్లిరి. నటరాజన్, తాళముత్తు అను ఇద్దరు యువకులు 1939లో ఖైదులోనుండగ జబ్బుపడి మరణించిరి. తాను జైలుకు వెళ్లినప్పుడు అది సత్యాగ్రహము, ఎదుటివారు వెళ్లినప్పుడు అది అల్లరి. ఈ భేదమును ఆయన బుద్ధి ఎంతో చక్కగ సమర్థించెను. హిందీ ఉద్యోగములకు మేలు, దేశైక్యమునకు మేలు, ప్రజలెన్నుకొనిన ప్రభుత్వమును ధిక్కరించుట తప్పు. ప్రతి వాదమును చక్కనిదే. 1939 అక్టోబరులో కాంగ్రెసు మంత్రివర్గములు రాజీనామా చేసినవి. 1940 ఫిబ్రవరిలో గవర్నరు ఆ నిర్బంధమును తొలగించిరి.

ఆ తరువాత వచ్చినది ఆయన జీవితములో మిక్కిలి కఠినమైన కాలము. 1942లో జపాను సైన్యము బర్మాను ఆక్రమించియుండెను. దేశమంతయు క్విట్ ఇండియా వైపు ఉప్పొంగుచుండెను. అట్టి సమయమున ముస్లిం లీగు కోరిక నిలిచియున్నదనియు, దానిని లేనట్లు తలంచి ముందుకు పోరాదనియు, లీగుతో ఒప్పందము చేసికొనవలెననియు రాజాజీ వాదించిరి. అఖిల భారత కాంగ్రెసు సంఘము ఆయన ప్రతిపాదనను అత్యధిక సంఖ్యతో త్రోసిపుచ్చెను. గాంధీజీయు ఏకీభవింపలేదు. ఆయన కాంగ్రెసునుండియు, శాసనసభనుండియు తొలగిరి. సభలలో జనము ఆయనను ఎగతాళి చేసిరి, ద్రోహి యనిరి. 1944లో ఆయన తయారుచేసిన సూత్రమునే ఆధారముగ గొని గాంధీజీ బొంబాయిలో జిన్నాగారితో సంభాషణలు జరిపిరి. అవి ఫలింపలేదు. 1947లో దేశము రెండయ్యెను. చూడనొల్లని దానిని చూచుటకు ఎంతటి ధైర్యము కావలెనో రాజాజీ ఆనాడు చూపిరి. స్నేహము, పదవి, పేరు మూడును పోగొట్టుకొనిరి.

ఈ విజయములోనే తరువాతి పొరపాటునకు విత్తనము పడెనని తోచును. ఒకసారి లోకమంతయు కాదనినను తన మాటయే సరియైనదని కాలము చూపినచో, మనుష్యునికి ఒక అలవాటు పట్టుకొనును. లోకము కాదనుటయే తాను సరియైనవాడనుటకు నిదర్శనముగ తోచును. వ్యాపారములోను ఇంతే. అందరు వలదనిన సరకును కొని ఒకసారి లాభము పొందినవాడు రెండవసారి ఎవరి మాటను వినడు.

1948 జనవరిలో గాంధీజీ హత్యకు గురియైరి. అంతరాత్మకు కావలి కాచుమని అడుగువారు గాని, ఆయన అంతరాత్మకు కావలి కాచువారు గాని ఇక లేకపోయిరి. 1948 జూను నుండి 1950 జనవరి వరకు గవర్నరు జనరలుగను, పిమ్మట కేంద్రమున హోంమంత్రిగను ఉండి, 1952 ఏప్రిల్‌లో రాజాజీ మద్రాసు ముఖ్యమంత్రి యైరి. ఎన్నికలలో నిలువక, గవర్నరు నామినేషనుతో శాసన పరిషత్తులో ప్రవేశించిరి. కమ్యూనిస్టులను అధికారమునకు రానీయకుండుటకు వేరు దారి లేదని అప్పుడు చెప్పబడెను.

ఆ పదవీకాలము మంచి పనితోనే మొదలయ్యెను. యుద్ధకాలమునుండి సాగుచున్న ధాన్యపు కంట్రోళ్లను 1952 జూనులో ఎత్తివేసిరి. బియ్యము మాయమగునని అధికారులు బెదరిరి. కేంద్ర ఆహార మంత్రి రఫీ అహ్మద్ కిద్వాయిగారు తోడ్పడిరి. అంగళ్లలో బియ్యము మరల కనబడెను. కంట్రోలు లేనిదే తిండి లేదని ఏండ్ల తరబడి నమ్మినవారి నమ్మకము వీగిపోయెను.

అదే సంవత్సరము అక్టోబరు 19వ తేదీన పొట్టి శ్రీరాములుగారు ఆంధ్ర రాష్ట్రము కొరకు మద్రాసులో నిరాహారదీక్ష పూనిరి. శ్రీరాములుగారు వైశ్య కులజులు, గాంధీజీ శిష్యులు. హరిజనుల ఆలయప్రవేశము కొరకు అంతకుముందును దీక్షలు చేసినవారు. మాట తప్పు మనిషి గాదని ఎరిగినవారందరు ఎరుగుదురు. ఢిల్లీలోని పెద్దలును, మద్రాసులోని పెద్దలును ఇది ఇతర దీక్షలవలె ముగియునని తలంచిరి. దీనిని తాను పట్టించుకొననని ప్రధాని నెహ్రూగారు డిసెంబరు మొదట రాజాజీకి వ్రాసిరి. డిసెంబరు 15వ తేదీన, 58 దినముల దీక్షానంతరము, శ్రీరాములుగారు ప్రాణములు విడిచిరి. ఆంధ్ర దేశమంతయు అట్టుడికినట్లు ఉడికెను. నాలుగు దినములలో ఆంధ్ర రాష్ట్ర నిర్ణయము ప్రకటింపబడెను. 1953 అక్టోబరు 1వ తేదీన రాష్ట్రము ఏర్పడెను. హోసూరు, కృష్ణగిరి సీమలలోని తెలుగువారు మద్రాసు రాష్ట్రములోనే నిలిచిపోయిరి. నాలుగు దినములలో ఇచ్చుటకు వీలైనది 58 దినములలో ఏల వీలు కాలేదు? దీక్షయు, దాని దినములయు లెక్కయు పత్రికలలో అచ్చగుచునే యుండెను. తెలియకపోలేదు, నమ్ముటకు మనస్సు ఒప్పలేదు. పక్కన ఒక గాంధీజీ యున్నచో చెప్పియుండెడివారేమో.

1953లో రాజాజీ గ్రామీణ ప్రాథమిక పాఠశాలలకు క్రొత్త విధానము తెచ్చిరి. పిల్లలు దినమునకు మూడు గంటలు బడిలో చదువుకొని, తక్కిన కాలము తల్లిదండ్రులయొద్ద చేతిపని నేర్చుకొనవలెను. బడులు చాలవు, డబ్బు లేదు, రెండు వరుసలుగ పిల్లలను తీసికొనినచో ఎక్కువమంది చదువుకొందురు. ఇది ఆయన లెక్క. అంకెలు సరిగనే యుండెను. అయితే చాకలి కొడుకు చాకలిపని, కుమ్మరి కొడుకు కుండలపని నేర్చుకొనుచుండగ వకీలు కొడుకు ఏమి నేర్చును? ఈ ప్రశ్నను ప్రజలు అడిగిరి. కులవిద్య యని దానికి పేరు పెట్టిరి. ఆయన సొంత పక్షములోనే అసమ్మతి పెరిగెను. ముందుగ పదిమందితో ఆలోచించియున్నచో ఈ ప్రశ్న మొదటి దినముననే వినబడియుండును. 1954 ఏప్రిల్‌లో ఆయన పదవినుండి తొలగిరి. కామరాజుగారు ముఖ్యమంత్రియై ఆ విధానమును రద్దుచేసిరి. పేదలకు మేలు చేయవలెనను రాజాజీ కోరికను శంకింప పనిలేదు. ఆత్మవంచన చెడ్డ కోరికలనే ఆశ్రయించునని తలంచుట పొరపాటు. మంచి కోరికను ఆశ్రయించినప్పుడే దానిని పట్టుకొనుట మిక్కిలి కష్టము.

1954లోనే ఆయనకు భారతరత్న లభించెను. రామాయణ భారతములను తమిళమున సులభముగ వ్రాసిరి. రామాయణమునకు 1958లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. ఎనుబదియేండ్ల వయస్సున, 1959లో, పర్మిట్లు లైసెన్సుల పాలనకు వ్యతిరేకముగ స్వతంత్ర పార్టీ స్థాపించిరి. 1938లో హిందీని నిర్బంధము చేసిన ఆయనే తరువాతి కాలమున హిందీ యొక్కటే అధికార భాషగ నుండుటను గట్టిగ ఎదిరించిరి. మాట మార్చెనని కొందరు హేళన చేసిరి. తప్పు లెక్కను చివరివరకు మోయుటకంటె కొట్టివేసి తిరిగి వ్రాయుట మేలని వర్తకులు ఎరుగుదురు.

1967 ఎన్నికలలో కాంగ్రెసును ఓడించుటకై ఆయన ద్రావిడ మున్నేట్ర కళగముతో చేతులు కలిపిరి. ఆ కూటమి గెలిచెను. 1971లో అదే కళగము ప్రభుత్వము, ఆదాయము చాలదను కారణముతో, మద్యనిషేధమును ఎత్తివేయ నిశ్చయించెను. రాజాజీకి అప్పటికి 92 ఏండ్లు. వానలో ముఖ్యమంత్రి కరుణానిధిగారి యింటికి స్వయముగ వెళ్లి, వలదని వేడుకొనిరి. ఫలితము లేకపోయెను. 1937లో సేలమున విన్న వాదమే 1971లోను వినబడెను. 1973, 1974లలో దుకాణములు మరల మూసిరి, తరువాత మరల తెరచిరి. 1983లో ప్రభుత్వమే టాస్మాక్ సంస్థను నెలకొల్పెను. 2003 నుండి చిల్లర అమ్మకమును కూడ ఆ సంస్థయే సాగించుచున్నది. రాజాజీ 1972 డిసెంబరు 25వ తేదీన మద్రాసులో పరమపదించిరి.

ఆయన జీవితమునుండి తేలునది ఇది. బుద్ధి మనలను ఆత్మవంచననుండి కాపాడదు. ఏ పక్షమున నిలుపుదుమో ఆ పక్షమున అది వాదించును. కాపాడునవి వేరు: కాదని చెప్పు స్నేహితుడు, తొందరపడక వేచియుండుట, లెక్కను ఎదుటివాని చేత చూపించుకొనుట, తప్పు తేలినప్పుడు కొట్టివేయుటకు సిద్ధపడుట. ఇవి యున్నంత కాలము రాజాజీ దారి తప్పలేదు. లేని దినములలో తప్పిరి. జైన గృహములలో సాయంకాలము చేయు ప్రతిక్రమణమునకును, సంవత్సరినాడు కోరు క్షమాపణకును ఉద్దేశము ఇదియే. పెదవులతో పాఠము చదివి, ఏ తప్పును పేరుపెట్టి తలంచుకొనక లేచినచో, అదియు మాయ యను కషాయమునకు మరియొక ముసుగే యగును. ఫలానా దినమున, ఫలానా వానికి, ఇంత అని పద్దు వ్రాసినట్లు తలంచుకొనినప్పుడే అది ప్రతిక్రమణము.

తొరపల్లిలో రాజాజీ పుట్టిన యింటిని ప్రభుత్వము స్మారకముగ కాపాడుచున్నది. హోసూరు వైపు వ్యాపారపు పనిమీద వెళ్లు కుటుంబములు పిల్లలను ఒకసారి అక్కడికి తీసికొనిపోవలెను. గవర్నరు జనరలు పదవిని గూర్చి చెప్పునప్పుడు 1938ని, 1952ని, 1953ని కూడ వారికి చెప్పవలెను. గొప్పవాని తప్పులను దాచిపెట్టి గొప్పలనే నేర్పినచో, తమ తప్పులను దాచుకొనుటయే పిల్లలు నేర్చుకొందురు.